గింజకు తలంటు

నీళ్ళ వేడిని చెప్పడానికి తెలుగువాడికి మాటల కరువు లేదు. పసిబిడ్డకు పోసేవి నులివెచ్చని నీళ్ళు. మాత్ర మింగడానికి గోరువెచ్చని నీళ్ళు. పండుగనాడు తలంటుకు పొగలు కక్కే నీళ్ళు. అన్నానికి ఎసరు మరగాలి, డికాషనుకు నీళ్ళు సలసల కాగాలి. పొయ్యి దగ్గర మనిషి కాస్త ఏమరితే, "నీళ్ళు తెర్లిపోతున్నాయి, ఎవరైనా చూడండి!" అని పక్కగదిలోంచి కేక వినిపిస్తుంది. ఇన్ని మాటలున్నాయి కాని, ధర్మామీటరు పెట్టి నీళ్ళు కాచిన ఇల్లాలు మన వంటిళ్ళలో అరుదు. చేయి ముంచి చూస్తే చాలు, సరిపోయిందో లేదో తెలిసిపోతుంది.

ఈ వెసులుబాటు మనుషులకే. స్నానం చేయవలసింది మనిషి కాక టమాటా గింజ అయితే, పైన చెప్పిన మాటల్లో ఒక్కటీ పనికిరాదు. దానికి కావలసిన వేడి 50 డిగ్రీల సెంటీగ్రేడు, కావలసిన కాలం 25 నిమిషాలు. వేడి తగ్గితే గింజలో దాగిన తెగులు బతికి బయటపడుతుంది. పెరిగితే తెగులుతోపాటు గింజా చస్తుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్లవుతుంది.

"గింజకు స్నానమేమిటండీ? మీరు తెలుగు పాఠాలు చెప్పుకొనేవారు, ఈ సేద్యం గొడవ మీకెందుకు?" అని మీరు అడగవచ్చు. ఈ గొడవ మా వీధిలోనే పుట్టింది. రిటైరైన పెద్దాయన ఒకరు డాబా మీద కూరగాయలు పండిస్తున్నారు. రసాయనపు మందు పేరెత్తితే ఆయనకు కోపం వస్తుంది. పేడ ఎరువు, వేపపిండి, ఎండుటాకుల కుప్ప, ఇవే ఆయన సరంజామా. మొన్నటి శీతాకాలంలో ఎంతో ముద్దుగా క్యాబేజీ నారు పోసుకున్నారు. మొక్కలు నాలుగాకులు వేశాయో లేదో, ఆకు అంచునుంచి లోపలికి పసుపుపచ్చని మచ్చలు బయలుదేరాయి. ఈనెలు నల్లబడ్డాయి. చివరికి తట్ట మొత్తం పారబోయవలసి వచ్చింది. మా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను.

"చూడండి మాస్టారూ! మట్టి కొత్తది, తొట్టి కొత్తది. చుట్టుపక్కల ఎక్కడా క్యాబేజీ తోట లేదు. నా డాబా మీదికి ఈ తెగులు ఎక్కడినుంచి వచ్చినట్లు?" అన్నారు పెద్దాయన.

"ఎక్కడినుంచో రాలేదండీ. మీరే తెచ్చారు. డబ్బిచ్చి, పొట్లం కట్టించుకుని, జేబులో పెట్టుకుని తెచ్చారు" అన్నాడు మా మిత్రుడు.

ఆ తెగులు పేరు నల్లకుళ్ళు. దానికి కారణమైన బాక్టీరియా విత్తనాన్ని అంటిపెట్టుకుని, పైపొర మాటున దాగి, పొట్లంలో నిశ్చింతగా ప్రయాణం చేస్తుంది. గింజ చూడడానికి నున్నగా, నిగనిగలాడుతూ ఉంటుంది. మొలక రాగానే అది కూడా మేలుకొంటుంది. నారుమడిలో ఒక్క మొక్కకు అంటితే చాలు, మనం పోసే నీళ్ళ చిందులే దాన్ని పక్క మొక్కలకు మోసుకుపోతాయి. డాబా మీద పెద్దాయనకు పోయింది ఒక తట్ట నారు. ఆ నారు మీదనే ఏడాది భుక్తి పెట్టుకున్న రైతుకైతే పోయేది ఒక కారు పంట. మామూలు రైతు దుకాణానికి పోయి మందు తెచ్చి గింజకు పట్టించుకుంటాడు. సేంద్రియ సేద్యం చేసేవాడికి ఆ దారి లేదు. మరి అతను ఏంచేయాలి?

దీనికి జవాబు నూటముప్ఫై ఏళ్ళకు పూర్వమే దొరికింది. డెన్మార్కు దేశంలో యెన్స్ లుడ్విగ్ యెన్సెన్ అనే ఆయన ఉండేవాడు. బంగాళాదుంపల తెగులు మీద వేడి ఎలా పనిచేస్తుందో చూసి చూసి, 1880ల్లో ఆయన దృష్టి ధాన్యాలకు వచ్చే కాటుక తెగులు మీదికి మళ్ళింది. ఈ తెగులు పట్టిన వెన్నులో గింజలకు బదులు నల్లని పొడి ఉంటుంది. చేత్తో ముట్టుకుంటే కాటుక పూసినట్లు అంటుకుంటుంది. మనవాళ్ళు పెట్టిన పేరు ఎంత సార్థకమో చూడండి! అప్పటికి ఐరోపా రైతులు విత్తనాన్ని మైలుతుత్తం కలిపిన నీళ్ళలో తడిపేవారు. దానితో తెగులు తగ్గేది, మొలకా దెబ్బతినేది. యెన్సెన్ ఏ మందూ కలపకుండా ఉత్త వేడినీళ్ళలో ముంచి చూశాడు. తెగులు పోయింది, గింజ బతికింది. 1888లో ఇంగ్లండులోని రాయల్ అగ్రికల్చరల్ సొసైటీ పత్రికలో ఈ సంగతి ప్రకటించాడు.

వేడినీళ్ళకు తెగులు చచ్చి గింజ ఎందుకు బతుకుతుంది? అందులో గారడీ ఏమీ లేదు. ఎండిన గింజలో ప్రాణం నిద్రపోతూ ఉంటుంది. నిద్రలో ఉన్న ప్రాణికి వేడిని ఓర్చుకునే శక్తి ఎక్కువ. తడి తగిలి మేలుకొన్నదానికి ఆ శక్తి తగ్గుతుంది. బూజుకూ బాక్టీరియాకూ ప్రాణం మీదికి వచ్చే వేడి ఒకటి ఉంది, గింజ ప్రాణం మీదికి వచ్చే వేడి మరొకటి ఉంది. రెండింటికీ నడుమ ఒక సన్నని సందు ఉంది. వైద్యమంతా ఆ సందులోంచి నడవడమే.

ఆ సందు ఎంత ఇరుకో తెలియాలంటే గోధుమ సంగతి చూడాలి. గోధుమలో వచ్చే ఒకరకం కాటుక తెగులు మహా టక్కరిది. పంట పూతమీద ఉన్నప్పుడు నల్లపొడి గాలికి ఎగిరి, ఆరోగ్యంగా ఉన్న పూలమీద వాలుతుంది. అక్కడినుంచి పుట్టబోయే గింజ గర్భంలోకి దూరి, అంకురంలోనే పడక వేస్తుంది. ఆ గింజ నిండుగా, బంగారురంగులో ఉంటుంది. ఏ రైతూ దాన్ని అనుమానించడు. మరుసటి ఏడు అది మొలిచి వెన్ను తీసినప్పుడు గాని బండారం బయటపడదు. పైపైన పూసే మందులు అంత లోతుకు వెళ్ళలేవు. 1960ల్లో గింజ లోపలికి ఇంకే మందులు వచ్చేదాకా ఈ తెగులుకు వేడే గతి.

దానికి లెక్క ఇలా కట్టారు. ముందు మామూలు నీళ్ళలో నాలుగైదు గంటలు నానబెట్టి లోపలి బూజును మేలుకొలపాలి. తరువాత 49 డిగ్రీల నీళ్ళలో ఒకటి రెండు నిమిషాలు ఉంచి గింజను వేడికి అలవాటు చేయాలి. ఆ తరువాత అసలు స్నానం. గోధుమకైతే 54 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు, బార్లీకైతే 52 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు. గోధుమా బార్లీ దగ్గరి చుట్టాలే. అయినా వాటి నడుమ రెండు డిగ్రీల తేడా, మూడు నిమిషాల తేడా!

ధర్మామీటరూ పెద్ద కాగులూ లేని పల్లెటూరి రైతు ఇదంతా ఎక్కడ చేయగలడు? ఈ ప్రశ్నకు మన ఉపఖండంలోనే ఒక చక్కని సమాధానం పుట్టింది. ఆనాటి పంజాబులో జె. సి. లూత్రా, ఎ. సత్తార్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1934లో ఒక పద్ధతి చెప్పారు. మండువేసవిలో, మబ్బులేని రోజున, పొద్దున్నే విత్తనాన్ని నీళ్ళలో వేసి మధ్యాహ్నందాకా నాననివ్వాలి. తరువాత తీసి, పలుచగా పరిచి, సాయంకాలందాకా ఎండనివ్వాలి. పొద్దుటి నాలుగు గంటల తడి బూజును నిద్రలేపుతుంది, మధ్యాహ్నపు నాలుగు గంటల ఎండ దాన్ని చంపుతుంది. పొయ్యి లేదు, కట్టెల ఖర్చు లేదు. పంజాబు ఎండే కాగు అయింది.

ఇంత మంచి పద్ధతులు మూలపడడానికి కారణం తీరిక. ఒక బస్తా గింజను డిగ్రీలు లెక్కపెట్టుకుంటూ ముంచి తీయడంకన్నా డబ్బాలోని పొడి చల్లి కలిపేయడం సులువు. అందులో పాదరసపు మందులకు ఒకప్పుడు చాలా గిరాకీ ఉండేది. మన పాత వ్యవసాయపు పుస్తకాలలో కనిపించే సెరెసాన్, అగ్రోసాన్ అనేవి ఆ జాతివే. అవి పనిచేయలేదని ఎవరూ అనరు. ఎంత బాగా పనిచేశాయో, అంత ప్రమాదాన్నీ వెంటబెట్టుకుని వచ్చాయి.

ఆ ప్రమాదం ఎటువంటిదో 1971లో ఇరాకు దేశంలో తేటతెల్లమైంది. పాదరసపు మందు పట్టించిన విత్తనాలను ఆ దేశం విదేశాలనుంచి తెప్పించి రైతులకు పంచిపెట్టింది. చాలాచోట్ల అవి చేరేసరికి విత్తే అదను దాటిపోయింది. ఇంట్లో పిల్లలు ఆకలిగా ఉన్నారు, బస్తాలో గోధుమలు ఉన్నాయి. బస్తామీది హెచ్చరిక ఆ పల్లెవాళ్ళకు రాని భాషలో ఉంది. గింజకు ఎర్రరంగు వేసి ఉంటే కడిగారు. రంగు పోయింది గనుక విషమూ పోయిందనుకున్నారు. పిండి విసిరి రొట్టెలు చేసుకున్నారు. ఆ విషం వెంటనే కనిపించేది కాదు. కొన్ని వారాలు గడిచాక కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కాయి, నడక తడబడింది, చూపు పోయింది. ఆస్పత్రులలో చేరినవారు 6,530 మంది. ఆస్పత్రులలోనే కన్నుమూసినవారు 459 మంది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు తోచింది ఒకటే. విత్తనమూ అన్నమూ రెండు వేరువేరు వస్తువులు కావు. ఈ పూట గాదెలో విత్తనంగా ఉన్నది రేపు ఆకలివేస్తే అన్నమవుతుంది. దానికి ఏదైనా పూసేటప్పుడు ఈ మాట మరిచిపోకూడదు. నీళ్ళతో ఆ చిక్కు లేదు. స్నానం చేయించి ఆరబెట్టాక గింజమీద మిగిలేది ఏదీ లేదు.

అందువల్లనే కాబోలు, వేడినీళ్ళ పద్ధతి మళ్ళీ వెలుగులోకి వచ్చింది. జపానులో వరికి ఒక విచిత్రమైన తెగులు ఉంది. అది పట్టిన నారు పక్క మొక్కలను మించి సన్నగా, పొడవుగా ఎదిగి, పాలిపోయి చచ్చిపోతుంది. జపానువాళ్ళు దాన్ని "బకానే" అంటారు, అంటే తెలివితక్కువ మొక్క అని. 1926లో కురోసావా అనే ఆయన, ఈ పిచ్చి ఎదుగుదలకు బూజు విడిచే పదార్థమే కారణమని తేల్చాడు. దానికే తరువాత జిబ్బరెల్లిన్ అని పేరు వచ్చింది. ఇవాళ ద్రాక్షతోటల్లో కాయ లావెక్కడానికి వాడేది అదే. ఈ తెగులుకు మందులు వాడగా వాడగా బూజు వాటికి అలవాటుపడింది. విత్తనం ముంచిన మందునీళ్ళను ఎక్కడ పారబోయాలన్నది మరో తలనొప్పి అయింది. అప్పుడు వేడినీళ్ళు గుర్తుకువచ్చాయి. పొడి వడ్లను 60 డిగ్రీల నీళ్ళలో 10 నిమిషాలు ముంచి, వెంటనే చన్నీళ్ళలో చల్లార్చే పద్ధతి అక్కడ బాగా వ్యాపించింది. అక్కడ కూడా లెక్క తప్పితే కుదరదు. జిగురు బియ్యపు రకాలు ఆ వేడికి తట్టుకోలేవు. వడ్లను ముందుగా ఇంకా బాగా ఎండబెడితే మాత్రం 65 డిగ్రీలనైనా ఓర్చుకుంటాయి.

మన రైతులకూ ఈ స్నానం కొత్త కాదు. చెరకు ముచ్చెలు నాటేవారిని అడగండి. కాటుక తెగులు రాకుండా ముచ్చెలను 52 డిగ్రీల వేడినీళ్ళలో 30 నిమిషాలు ఉంచమని మన శాస్త్రజ్ఞులు చెబుతారు. కార్శి తోటను గిడసబార్చే తెగులుకైతే 50 డిగ్రీల దగ్గర రెండు గంటలు. అంతసేపు ఉంచితే కొన్ని కళ్ళు మొలవకుండా పోతాయి. అందుకని విత్తనపు తోటకు కావలసిన ముచ్చెలకే ఈ శుద్ధి చేసి, దాన్నుంచి మిగిలిన తోటలకు విత్తనం పెంచుకుంటారు.

ఇక మన ఇంటి సంగతి. డాబా మీద నాలుగు తొట్లున్నవారు కూడా ఈ పని చేసుకోవచ్చు. వంటింటి పొయ్యి, రెండు గిన్నెలు, పలుచని నూలుగుడ్డ, ఒక మంచి ధర్మామీటరు ఉంటే చాలు. జ్వరం చూసే ధర్మామీటరు ముంచకండి సుమా! దాని కొలత 42 డిగ్రీలతో సరి. అంతకు మించిన వేడికి గాజుగొట్టం పగిలిందంటే పాదరసం గిన్నెలో కలుస్తుంది. ప్రయోగశాలల్లో వాడేది గాని, వంటకు వాడేది గాని కొనుక్కోండి.

గింజలను గుడ్డలో వదులుగా మూటగట్టి, మునగడానికి లోపల చిన్న బరువేదైనా వేయండి. ముందుగా 37, 38 డిగ్రీల నీళ్ళలో 10 నిమిషాలు ఉంచండి. తరువాత 50 డిగ్రీల నీళ్ళున్న పెద్దగిన్నెలోకి మార్చండి. గిన్నె ఎంత పెద్దదైతే వేడి అంత నిలకడగా ఉంటుంది. మూట గిన్నె అడుగును తాకకుండా మెల్లగా కదుపుతూ ఉండండి. వేడి తగ్గుతున్నట్లు కనిపిస్తే కాగిన నీళ్ళు కొద్దికొద్దిగా, మూటమీద పడకుండా గిన్నె అంచున పోయండి. టమాటా, వంకాయ, క్యాబేజీలకు 25 నిమిషాలు. కాలీఫ్లవరుకూ క్యారట్‌కూ 20 నిమిషాలు. ముల్లంగికీ ఆవాలకూ 15 నిమిషాలు. మిరపగింజ గడుసుది, దానికి వేడి ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువగా, 30 నిమిషాలు కావాలి. సమయం కాగానే మూట తీసి చన్నీళ్ళలో 5 నిమిషాలు ముంచి, నీడన పలుచగా ఆరబెట్టండి. ఆరిన తరువాత ఆలస్యం చేయకుండా విత్తుకోండి. ఈ స్నానం చేసిన గింజను వచ్చే ఏటికి దాచుకోవడం మంచిది కాదు.

చిక్కుడు, బఠాణీ, మొక్కజొన్న, దోస, గుమ్మడి గింజలకు ఈ స్నానం వద్దు. పెద్ద గింజలో నడిమికి వేడి చేరేలోగా పైభాగం దెబ్బతింటుంది. పాతబడి జవసత్వాలు ఉడిగిన గింజ కూడా దీనికి తట్టుకోలేదు. మందు పూసిన గింజను, రంగు పొర కప్పిన గింజను అసలే ముంచకూడదు. అన్నిటికంటె ముందు ఒక పరీక్ష చేసుకోండి. యాభై గింజలకు స్నానం చేయించి, మరో యాభై గింజలను అలాగే ఉంచి, రెండింటినీ తడిగుడ్డలో మొలక కట్టి చూడండి. స్నానం చేసినవి దాదాపు సమానంగా మొలిస్తేనే మిగిలిన పొట్లం ముట్టుకోండి.

ఇది సర్వరోగ నివారిణి అని నేను చెప్పడంలేదు. గింజతో వచ్చే బూజు, బాక్టీరియా తెగుళ్ళను చాలావరకు తగ్గిస్తుంది, బొత్తిగా తుడిచిపెడుతుందన్న హామీ లేదు. కొన్ని వైరసు తెగుళ్ళకు ఇది చాలదు. పైగా వేడినీళ్ళు ఉన్న దొంగను పట్టుకుంటాయి గాని, తరువాత కాపలా కాయవు. మట్టిలో ఉన్న తెగులు ఆ గింజను పట్టుకోవచ్చు. అందుకే కొందరు రైతులు స్నానమయ్యాక ట్రైకోడెర్మా వంటి మేలుచేసే బూజును గింజకు పట్టిస్తారు. ఆవుపేడ, ఆవుమూత్రం, సున్నం, గట్టుమన్ను కలిపిన బీజామృతం వాడేవారు మన పల్లెల్లో ఉండనే ఉన్నారు.

ఈ మాటలన్నీ విని మా వీధి పెద్దాయన కాస్త చిన్నబుచ్చుకున్నారు. "మందు వాడకపోతే చాలు, మిగిలింది ప్రకృతి చూసుకుంటుందనుకున్నానండీ" అన్నారు. చాలామంది ఆలోచన అదే. ప్రకృతి గింజను ఎంత ఆదరంగా చూస్తుందో, దానిలోని బూజునూ అంతే ఆదరంగా చూస్తుంది. రెండూ దాని బిడ్డలే. మనకు గింజ కావాలి, బూజు వద్దు. ఆ ఎంపిక మనది గనుక శ్రమా మనదే. ఒకప్పుడు ఆ శ్రమను విషానికి అప్పగించాం. విషాన్ని వద్దనుకున్నవాళ్ళం ఆ పని మన చేతుల్లోకి తీసుకోవాలి. గిన్నె దగ్గర నిలబడి ధర్మామీటరు మీద చూపు నిలిపి, ఇరవైఐదు నిమిషాలు ఓపికపట్టాలి.

పెద్దాయన ఈసారి వంకాయ నారు పోస్తున్నారు. ధర్మామీటరు కొన్నారు. గింజలు యాభై యాభైగా రెండు తడిగుడ్డల్లో కట్టి, ఏ మూట ఏదో మరిచిపోకుండా ఒకదానికి ఎర్రదారం చుట్టారు. ఎర్రదారం మూటలో ఈ ఉదయానికి నలభైమూడు మొలకలు వచ్చాయట, దారంలేని దాంట్లో నలభైఅయిదు. వీధిలో అందరికీ చెప్పివచ్చారు.